వేసవిలో చైనీస్ చదువుకు తైపే వెళ్లాలంటే: అప్లికేషన్ నుంచి తిరిగొచ్చేదాకా

చైనీస్ నేర్చుకోవడానికి రెండు నెలలు తైవాన్ వెళ్తున్నానని చెప్పినప్పుడు మా ఇంట్లో వచ్చిన మొదటి ప్రశ్న "అక్కడ తిండెలా?". రెండోది "దీనితో ఉద్యోగం వస్తుందా?". మొదటిదానికి ఇప్పుడు పూర్తి జవాబు చెప్పగలను. రెండోది ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి.

ముందే ఒక లెక్క చూసుకోండి. వారానికి 15 గంటల క్లాసు, ఎనిమిది వారాలు. మొత్తం 120 గంటలు. ఆ 120 గంటల్లో ఎవరికీ చైనీస్ అనర్గళంగా రాదు. సున్నాతో దిగినవాళ్లకు మొదటి మూడు వారాలు ఉచ్చారణకే సరిపోతాయి. కొంత పునాదితో దిగినవాళ్లు అదే మూడు వారాల్లో టీ కొట్టువాడితో, హాస్టల్ వార్డెన్‌తో, బస్సులో పక్క సీటు పెద్దావిడతో మాట్లాడుతూ ఉంటారు. అందుకే ఈ మార్గదర్శిలో ప్రయాణం కన్నా ప్రయాణానికి ముందు ఇంట్లో చేయాల్సిన పని గురించే ఎక్కువ చెబుతున్నాను. ఆ పని ఇంగ్లీష్ దారిలో కాకుండా తెలుగు దారిలో చేస్తే చాలా తేలిక. ఈ సంగతి నాకు అక్కడికి వెళ్లాక తెలిసింది. మీకు ముందే తెలియాలి.

బీజింగా, తైపేనా?

చైనీస్ అనగానే అందరూ చైనా అనుకుంటారు. బీజింగ్‌లో విదేశీయులకు భాష నేర్పడానికే 1962లో పెట్టిన యూనివర్సిటీ ఉంది, బీజింగ్ లాంగ్వేజ్ అండ్ కల్చర్ యూనివర్సిటీ. నాలుగు వారాల వేసవి కోర్సులు అక్కడ మామూలే. తైపేలో నేషనల్ తైవాన్ నార్మల్ యూనివర్సిటీ వాళ్ల మాండరిన్ ట్రైనింగ్ సెంటర్ 1956 నుంచి నడుస్తోంది. రెండుచోట్లా నేర్పే భాష మాండరినే, మనం మామూలుగా చైనీస్ అనేది అదే. తేడా లిపిలో ఉంది. చైనాలో 1950ల్లో గీతలు తగ్గించి సరళం చేసిన అక్షరాలు వాడతారు, తైవాన్‌లో పాత సంప్రదాయ అక్షరాలే. ఒకటి వచ్చినవాళ్లకు రెండోది కొన్ని నెలల్లో పట్టుబడుతుంది కాబట్టి దీని గురించి మరీ టెన్షన్ పడక్కర్లేదు.

రోజువారీ బతుకులో తేడా ఇంకా పెద్దది. చైనాలో గూగుల్, వాట్సాప్ మామూలుగా తెరుచుకోవు. అక్కడ డబ్బు కట్టడం నుంచి క్లాసు గ్రూపు దాకా అన్నీ వీచాట్ మీద నడుస్తాయి. మన దేశంలో ఆ యాప్‌ను 2020లో నిషేధించారు కాబట్టి ఇక్కడే పెట్టుకుని అలవాటు పడే వీలు లేదు. తైవాన్‌లో ఈ చిక్కులు లేవు. అందరూ లైన్ అనే యాప్ వాడతారు, మన నంబరుతో ఇక్కడే పెట్టుకోవచ్చు. దానికి తోడు స్కాలర్‌షిప్ కూడా ఉంది. చైనాలో పై చదువు, వ్యాపారం, ఫ్యాక్టరీ సరుకు మీ ఆలోచనలో ఉంటే బీజింగ్, షాంఘై వైపే వెళ్లండి. భాష మీద ఇష్టంతో మొదటిసారి వెళ్తున్నవాళ్లకు తైపే మంచిదని నా అభిప్రాయం. ఇక్కడినుంచి చెప్పేదంతా తైపే గురించే.

అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకు వేరే దారులున్నాయి. అక్కడి విదేశాంగ శాఖ హైస్కూల్ వాళ్లకు నిస్లీ-వై, కాలేజీ వాళ్లకు క్రిటికల్ లాంగ్వేజ్ స్కాలర్‌షిప్ అనే కార్యక్రమాలు నడుపుతోంది. రెండింటికీ అమెరికా పౌరసత్వం ఉండాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్ల పిల్లలు, ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లయితే, కింద చెప్పే తైవాన్ స్కాలర్‌షిప్ చూసుకోవాలి.

క్యాలెండర్ ముందు పెట్టుకోండి

జూన్‌లో క్లాసు మొదలవ్వాలంటే పని అంతకు ముందు సంవత్సరం దసరాకే మొదలవ్వాలి. పాస్‌పోర్ట్ లేకపోతే అప్పుడే అప్లై చేయండి. ఉంటే గడువు తేదీ చూసుకోండి, ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి.

మన విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇంటర్ రెండో సంవత్సరం అయిపోయినవాళ్లకు జూన్ నుంచి ఆగస్టు దాకా ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ఉంటుంది. వెబ్ ఆప్షన్లు తైపే నుంచి పెట్టొచ్చు గానీ, కాలేజీలో రిపోర్ట్ చేయమన్న రోజున మీరు ఉండరు. డిగ్రీ, బీటెక్ వాళ్లకు సెమిస్టర్ పరీక్షలు జరుగుతూ జరుగుతూ జూన్ నెలాఖరు దాకా వచ్చేస్తాయి. మీ యూనివర్సిటీ అకడమిక్ క్యాలెండర్ ఒకటికి రెండుసార్లు చూడండి, గత రెండేళ్లు అది ఎన్ని రోజులు వెనక్కి జరిగిందో కూడా సీనియర్లను అడగండి. రెండో సంవత్సరం తర్వాతి వేసవి అన్నిటికన్నా అనుకూలం. మూడో సంవత్సరం తర్వాత అందరూ ఇంటర్న్‌షిప్ అంటారు.

అప్లికేషన్, స్కాలర్‌షిప్

తైవాన్ విద్యాశాఖ ఇచ్చే హ్వాయూ ఎన్‌రిచ్‌మెంట్ స్కాలర్‌షిప్ ప్రత్యేకంగా చైనీస్ నేర్చుకోవడానికే. వేసవికి రెండు మూడు నెలల విడత ఉంది, ఏడాది దాకా కూడా ఇస్తారు. పద్దెనిమిదేళ్లు నిండి, ఇంటర్ పాసై ఉండాలి. ప్రతి నెలా మీ ఖాతాలో డబ్బు వేస్తారు, ఫీజు, గది, తిండి అన్నీ అందులోంచే మీరు కట్టుకోవాలి. విమానం టికెట్ ఇవ్వరు. మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో అప్లికేషన్లు తీసుకుంటారు. మన దేశంలో ఈ వ్యవహారాలు చూసేది తైపే ఎకనామిక్ అండ్ కల్చరల్ సెంటర్. ఢిల్లీ, ముంబై, చెన్నైలలో ఆఫీసులున్నాయి, మనకు దగ్గరిది చెన్నై.

ఇందులో రెండు అప్లికేషన్లు ఉంటాయని చాలామందికి తెలియదు. ఒకటి స్కాలర్‌షిప్‌కు, రెండోది భాషా కేంద్రానికి. రెండూ సమాంతరంగా నడవాలి. కేంద్రం ఎంచుకునేటప్పుడు వారానికి ఎన్ని గంటలో చూడండి. స్కాలర్‌షిప్‌కు కనీసం 15 గంటలు కావాలి. కొన్నిచోట్ల రోజుకు రెండు గంటల కోర్సు, మూడు గంటల కోర్సు అని రెండు రకాలు ఉంటాయి. రెండు గంటలది చవకే గానీ స్కాలర్‌షిప్‌కు పనికిరాదు. తైపే ఖర్చు ఎక్కువనిపిస్తే దక్షిణాన తైనాన్ ఉంది. పాత రాజధాని, గదులు చవక, వీధుల్లో మాండరిన్‌తో పాటు తైవానీ భాష బాగా వినిపిస్తుంది.

స్టడీ ప్లాన్ రాయమంటారు. "చిన్నప్పటి నుంచి చైనా సంస్కృతి అంటే ప్రాణం" అని మొదలుపెట్టకండి, వాళ్లు అలాంటివి వందలు చదివి ఉంటారు. మీ చదువుకు, మీ ఊరికి, భాషకు ఉన్న నిజమైన ముడి ఏదో రాయండి. మా బ్యాచ్‌లో ఒకతను ఎలక్ట్రానిక్స్ విద్యార్థి. చిప్ తయారీ కంపెనీల సాంకేతిక పత్రాలు చదవాలని ఉందని రాశాడు. ఒకమ్మాయి బౌద్ధం మీద రాసింది. ఏడో శతాబ్దంలో హ్యూయెన్ త్సాంగ్ మన ధాన్యకటకం దాకా వచ్చాడు. ఆచార్య నాగార్జునుణ్ణి చైనీయులు "లోంగ్ షూ" అంటారు, లోంగ్ అంటే నాగం, షూ అంటే చెట్టు. అమరావతి పక్క ఊరమ్మాయి ఈ దారి పట్టుకుని రాస్తే ఎవరికైనా చదవాలనిపిస్తుంది కదా!

వెళ్లేముందు: చెవి, నోరు

ఫలితం ఏప్రిల్, మే నెలల్లో తెలుస్తుంది. దానికోసం ఎదురుచూడకుండా జనవరి నుంచే రోజుకు ముప్పావు గంట పెట్టండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇఫ్లూలో (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) చైనీస్ నేర్పే విభాగం ఉంది. లేనివాళ్లు ఆన్‌లైన్ టీచర్‌ను పెట్టుకోవచ్చు. అయితే మొదటి నెల ఉచ్చారణ తప్ప మరేదీ వద్దు.

చైనీస్ శబ్దాలను ఇంగ్లీష్ అక్షరాల్లో రాసే పద్ధతిని పిన్‌యిన్ అంటారు, 1958లో చైనాలో అమల్లోకి వచ్చింది. అందులో బి అని రాసి ఉంటే మనం 'బ' అని చదువుతాం. అది తప్పు. బి అంటే మన 'ప', పి అంటే మన 'ఫ'. ఫ్యాన్‌లో ఉన్న ఫ కాదు, ఫలంలో పెద్దలు పలికే ఫ, అంటే ప కింద వత్తు. అలాగే డి అంటే 'త', టి అంటే 'థ'. జి అంటే 'క', కె అంటే 'ఖ'. అల్పప్రాణం, మహాప్రాణం, అంతే. బీజింగ్ అని మనం రాసే ఊరిని వాళ్లు "పేయ్‌చింగ్" అనే అంటారు. మా క్లాసులో అమెరికా కుర్రాడికి ఈ తేడా పట్టడానికి నెల పట్టింది. మనకు ఒకటో తరగతి పలక మీదే ఉంది. కాకపోతే మనం మాటల్లో వత్తులు మింగేస్తాం, భారతం అని రాసి బారతం అంటాం. ఆ బద్ధకం వదిలించుకుంటే చాలు.

ఇంకా బాగుండేది చకారం. తెలుగులో చాప, చుక్క అన్నప్పటి చ వేరు, చీమ, చెట్టు అన్నప్పటి చ వేరు. మొదటిదాన్ని దంత్య చకారం అంటారు, పాత పుస్తకాల్లో చ మీద తెలుగు రెండు అంకె పెట్టి ౘ అని రాసేవారు. పిన్‌యిన్‌లో జెడ్ అంటే ఈ చాపలో చ. జె అంటే చీమలో చ. హిందీ స్నేహితులు కుస్తీ పట్టే చోట మనం నడిచి వెళ్లిపోవచ్చు. ఎక్స్ అంటే శంఖంలో శ, ఎస్‌హెచ్ అంటే భాషలో ష. శ, ష తేడా బడిలో నేర్పిన తెలుగు మాస్టారికి మనసులో దండం పెట్టుకోండి.

మనకు లేనివి రెండున్నాయి. ఒకటి, యు మీద రెండు చుక్కలుండే అచ్చు. 'ఈ' అంటూ ఉండి, నాలుక కదలకుండా పెదవులు మాత్రం 'ఊ' అన్నట్టు సున్నా చుట్టాలి. అద్దం ముందు వారం రోజులు చేయండి, ఇంట్లోవాళ్లు నవ్వినా సరే. రెండోది వాళ్ల ర. నాలుక మడిచి, తాకీ తాకనట్టు పలకాలి. తమిళం విన్న చెవులకు తొందరగా అందుతుంది.

తర్వాత స్వరాలు. నాలుగు. పుస్తకాల్లో గీతలు గీసి చూపిస్తారు, నాకు అవి ఎక్కలేదు. నేను ఇలా పట్టుకున్నాను. మొదటిది, సంగీతం టీచర్ శ్రుతి పట్టుకున్నట్టు, పైన నిలకడగా. రెండోది, నమ్మలేని మాట విన్నప్పుడు "ఆఁ?" అంటాం చూడండి, అలా పైకి. మూడోది, ఎదుటివాడి మాట నచ్చక "ఊఁ…" అని గొంతు లోపలికి దించేది. నాలుగోది, కుక్కను "పో!" అని అదిలించడం, పైనుంచి కిందికి ఒక్క దెబ్బ. "మాయ్" మూడో స్వరంలో అంటే కొనడం, నాలుగో స్వరంలో అంటే అమ్మడం. పాత సైకిల్ కొనుక్కోవడానికి వెళ్లి, నేనే ఒకటి అమ్ముతానని పది నిమిషాలు చెప్పాను. ఆయన ఓపిగ్గా "ఏదీ, ఎక్కడ?" అని వీధిలోకి చూస్తూనే ఉన్నాడు.

తైవాన్ పిల్లలు పిన్‌యిన్‌తో నేర్చుకోరు. వాళ్లకు 37 గుర్తుల వేరే పద్ధతి ఉంది, జుయిన్ అంటారు. ఫోన్ కీబోర్డుల మీద, పిల్లల పుస్తకాల్లో అక్షరాల పక్కన అదే కనిపిస్తుంది. దాని వరస చూస్తే మన వర్ణమాల గుర్తొస్తుంది. పెదవులతో పలికేవన్నీ ఒక వర్గం, తర్వాత పళ్ల దగ్గరివి, తర్వాత గొంతువి. రెండు వారాల్లో వచ్చేస్తుంది, నేర్చుకోవడం మంచిది. ఇంగ్లీష్ అక్షరాలు కళ్ల ముందు లేకపోతే బి చూసి 'బ' అనే జబ్బు దానంతట అదే పోతుంది.

వ్యాకరణం గురించి భయం వద్దు. "నేను నిన్న కొన్న పుస్తకం" అనడానికి "వో ౘ్వోథియెన్ మాయ్ త షూ" అంటారు. వో అంటే నేను, ౘ్వోథియెన్ నిన్న, మాయ్ త కొన్న, షూ పుస్తకం. మాట మాటకీ సరిపోయింది! ఇంగ్లీష్‌లో ఆలోచిస్తే దీన్ని వెనక్కి తిప్పాలి. ప్రశ్నకు మనం చివర "వచ్చాడా" అని దీర్ఘం తీసినట్టే, వాళ్లు చివర "మా" అని చేరుస్తారు. అన్న, తమ్ముడు, అక్క, చెల్లి నలుగురికీ నాలుగు మాటలున్నాయి. మనం, మేము అనే తేడా ఉత్తర చైనా మాటల్లో ఉంది, తైవానీ భాషలోనూ ఉంది. క్రియ చివర మాత్రం రాదు, కర్మకు ముందే వస్తుంది. అది ఒక్కటే కాస్త ఇబ్బంది.

అక్షరాలు మే నాటికి ఓ వంద వస్తే చాలు. విడివిడిగా బట్టీ పట్టకుండా ముక్కలుగా చూడండి. చెట్టు గుర్తు రెండుసార్లు పక్కపక్కన రాస్తే తోపు, మూడు కలిపితే దట్టమైన అడవి. నీటి చుక్కల గుర్తు ఎడమ పక్కన ఉంటే అది నదో, సముద్రమో, స్నానమో, మొత్తానికి తడిదే. గీతల వరస మొదట్నుంచీ సరిగ్గా నేర్చుకోండి, ఫోన్‌లో వేలితో రాసి వెతకాలంటే అదే ఉపయోగపడుతుంది.

వీసా, టికెట్, డబ్బు

అడ్మిషన్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్, స్టడీ ప్లాన్, స్కాలర్‌షిప్ వస్తే ఆ లెటర్ పట్టుకుని సందర్శక వీసాకు అప్లై చేయాలి. ఒక జాగ్రత్త. అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల వీసా ఉన్న భారతీయులకు తైవాన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ప్రవేశ అనుమతి ఇస్తుంది. అది 14 రోజుల పర్యటనకు. ట్రావెల్ ఏజెంట్ "ఇది చాలు సార్" అన్నాడని దాంతో కోర్సుకు బయల్దేరకండి.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, సింగపూర్, హాంకాంగ్, కౌలాలంపూర్‌లలో ఏదో ఒకచోట మారాలి. దిగేది తావోయువాన్ విమానాశ్రయంలో. అక్కడినుంచి తైపే మెయిన్ స్టేషన్‌కు మెట్రో ఉంది, ఎక్స్‌ప్రెస్ ముప్పావు గంట లోపే చేరుస్తుంది, 150 తైవాన్ డాలర్లు. ఒక తైవాన్ డాలర్ మన మూడు రూపాయలకు కాస్త తక్కువ. మామూలు హోటల్లో ఒక పూట భోజనం వంద డాలర్ల అటూ ఇటూ.

స్కాలర్‌షిప్ మొదటి నెల డబ్బు మీరు దిగగానే చేతికి రాదు. బ్యాంకు ఖాతా తెరవాలి, కాగితాలు కదలాలి. మొదటి నెల ఫీజు, గది అడ్వాన్సు, తిండి సొంత డబ్బుతో గడిచేట్టు వెళ్లండి. ఫారెక్స్ కార్డు సరే గానీ చేతిలో నోట్లు తప్పనిసరి. చిన్న హోటళ్లు, నైట్ మార్కెట్ బళ్లు నోట్లే తీసుకుంటాయి. ఫోన్‌పే కొట్టే చెయ్యి మొదటి వారం ఊరికే జేబులోకి వెళ్తూ ఉంటుంది.

సూట్‌కేసులో ఏముండాలి, ఏముండకూడదు

అమ్మలు ఇక్కడ కాస్త శ్రద్ధగా చదవాలి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, ఏ రూపంలోనైనా మాంసం పెట్టకండి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ భయంతో తైవాన్ ఈ విషయంలో చాలా కఠినంగా ఉంటుంది. ఆ జబ్బు ఉన్న దేశాల నుంచి పంది మాంసం సరుకు తెస్తే మొదటిసారికే రెండు లక్షల తైవాన్ డాలర్ల జరిమానా. తాజా పళ్లు, మొక్కలు కూడా వద్దు కాబట్టి పచ్చి కరివేపాకు రెమ్మ కూడా వద్దు. కందిపొడి, కారప్పొడి, సీలు వేసిన ఆవకాయ చాలు. అనుమానం ఉన్నది ఏదైనా కస్టమ్స్ దగ్గర చూపించేయండి.

అక్కడ కరెంటు 110 వోల్టులు, ప్లగ్గులు రెండు చదును పుల్లలవి. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లు అడాప్టర్ ఉంటే పనిచేస్తాయి. మన ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కర్ పనిచేయవు. అవి మోసుకెళ్లడం దండగ.

బట్టలు పల్చటి నూలువి. జులై, ఆగస్టుల్లో ఎండ 35 డిగ్రీలు దాటుతుంది, విజయవాడ ఉక్కపోత తెలిసినవాళ్లకు కొత్తేం కాదు. క్లాసుల్లో ఏసీ మాత్రం చలి పుట్టిస్తుంది, ఒక పల్చటి స్వెటర్ పెట్టుకోండి. బహుమతులకు ఏటికొప్పాక బొమ్మలు, పోచంపల్లి కండువాలు, కలంకారీ పుస్తక గుర్తులు తేలిగ్గా ఉంటాయి. గడియారం, గొడుగు ఎవరికీ ఇవ్వకండి. గడియారం ఇవ్వడం అనే మాట అంతిమ వీడ్కోలులా, గొడుగు అనే మాట విడిపోవడంలా వినిపిస్తాయి.

మొదటి వారం

దిగిన రోజే సిమ్ కొనుక్కోండి, పాస్‌పోర్ట్ చూపిస్తే విమానాశ్రయంలోనే ఇస్తారు. తర్వాత యోయోఖా, అంటే ఈజీకార్డ్. మెట్రో, బస్సు, సైకిల్, చిన్న కొట్లు అన్నిటికీ అదే. రోజూ తిరిగేవాళ్లకు 1,200 డాలర్ల ముప్పై రోజుల పాస్ ఉంది, తైపే, పక్క నగరాల మెట్రో, బస్సులన్నీ అందులో వస్తాయి. మెట్రోలో తినడం, తాగడం నిషేధం, మంచినీళ్లు, చూయింగ్ గమ్ కూడా. జరిమానా 1,500 నుంచి 7,500 దాకా.

సాయంత్రం వీధిలో పియానో బాణీ వినిపిస్తే ఐస్‌క్రీం బండి అనుకుని పరిగెత్తకండి, అది చెత్త బండి. జనం చెత్త పట్టుకుని ఎదురెళ్తారు. తైపేలో చెత్తకు నగరపాలిక అమ్మే నీలం సంచులే వాడాలి, కొట్లలో దొరుకుతాయి. పోలీసుకు 110, అంబులెన్స్‌కు 119.

క్లాసులో పెట్టే ప్లేస్‌మెంట్ పరీక్షలో గొప్పకు పోవద్దు. ఒక మెట్టు కింద పడితే వారంలో పైకి మార్పించుకోవచ్చు, పైన పడితే రెండు నెలలూ బిక్కమొహమే. మొదటి రోజే టీచర్‌ను మంచి చైనీస్ పేరు పెట్టమని అడగండి. మన పేరును సాగదీసి చైనీస్‌లో రాస్తే ఆరు అక్షరాలవుతుంది, ఎవరికీ గుర్తుండదు. వాళ్ల పేర్లు ఎక్కువగా మూడు అక్షరాలే, ఇంటిపేరు మనలాగే ముందొస్తుంది.

తిండి సంగతి

శాకాహారులకు తైవాన్ ఊహించనంత మంచి దేశం. బౌద్ధుల వల్ల శాకాహార హోటళ్లు ప్రతి పేటలో ఉంటాయి. చాలావాటి బోర్డు మీద స్వస్తిక గుర్తు కనిపిస్తుంది, దాన్నిబట్టి పట్టేయొచ్చు. "వో ఛ్ర్ సూ", నేను శాకాహారిని, ఈ ముక్క మొదటి రోజుకే నోటికి రావాలి. ప్యాకెట్ల మీద కూడా పాలున్నవి, గుడ్డున్నవి, ఏమీ లేనివి అని వేరువేరుగా రాస్తారు. ఉల్లి, వెల్లుల్లి ఉన్న శాకాహారానికి మరో పేరుంది, నిష్ఠగల బౌద్ధులు అవీ తినరు. కార్తీకమాసం ఇంట్లో చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

మామూలు హోటల్లో మాత్రం కూరగాయల వేపుడు అని చెప్పినా పంది కొవ్వుతో చేసి ఉండొచ్చు, అడగండి. గొడ్డు మాంసం తినని తైవానీలు కూడా చాలామంది ఉన్నారు కాబట్టి "వో పూ ఛ్ర్ న్యో రోవ్" అంటే ఎవరూ వింతగా చూడరు. అందుబాటులో ఉండేది ౘ్‌ౘూఛాన్, అంటే వరసగా పెట్టిన కూరల్లోంచి మనమే పళ్లెంలో పెట్టుకుని డబ్బు కట్టేది. కారం ఉండదు. కందిపొడి సీసా సంచిలో పెట్టుకుని తిరగడంలో సిగ్గేమీ లేదు.

ఏ కొట్లోకి వెళ్లినా మొదటి ప్రశ్న "నేయ్ యోంగ్? వాయ్ తాయ్?" ఇక్కడే తింటారా, పార్సిలా అని. టీ కొట్లో చక్కెర ఎంత, ఐసు ఎంత అని అడుగుతారు. "పాన్ థాంగ్" అంటే సగం చక్కెర, "ఛ్యూ పింగ్" అంటే ఐసు వద్దు. ఈ అయిదారు ముక్కలు తడుముకోకుండా వస్తే కొట్టువాడు ఇంగ్లీష్‌లోకి మారడు. అంతకన్నా పెద్ద గెలుపు మొదటి నెలలో ఏదీ లేదు.

క్లాసు బయట

మూడు గంటల క్లాసుకు మూడు గంటల ఇంటిపని ఉంటుంది. రోజూ డిక్టేషన్ పెడతారు. క్లాసులు ఎగ్గొడితే స్కాలర్‌షిప్ ఆగుతుంది. ఇవన్నీ అందరూ చెప్పేవే. నాకు తెలిసి ఈ ప్రయాణం వృథా అయ్యేది ఒకేచోట. సాయంత్రం ఆరింటికి భారతీయులంతా ఒక గదిలో చేరి మ్యాగీ చేసుకుని క్రికెట్ చూడటం. వారానికి ఒకరోజు చేయండి, ప్రాణానికి హాయి. రోజూ చేస్తే హైదరాబాద్‌లోనే ఉండొచ్చు.

భాషా మార్పిడి స్నేహితుణ్ణి వెతుక్కోండి, యూనివర్సిటీ నోటీసు బోర్డుల మీద చీటీలుంటాయి. అరగంట చైనీస్, అరగంట ఇంగ్లీష్, ఫోన్‌లో అలారం పెట్టి మరీ మారాలి. లేకపోతే మాటంతా ఇంగ్లీష్‌లోకి జారిపోతుంది. మొదటి కలయికలో వాళ్ల పేరు తెలుగులో ఒక కార్డు మీద రాసి ఇవ్వండి. మన అక్షరాల గుండ్రదనానికి మురిసిపోతారు, ఆ కార్డు ఫోన్ కవర్ వెనక పెట్టుకుంటారు.

వీధిలో మీకు వినిపించే మాట టీచర్ మాటలా ఉండదు. తైవాన్‌లో మామూలు జనం ష అనాల్సిన చోట స అంటారు, నాలుక మడవరు. "శంకర్ విలాస్" అనడానికి "సంకర్ విలాస్" అనే మనకు ఇందులో ఆశ్చర్యమేముంది? టీచర్ దగ్గర ష నేర్చుకోండి, వీధిలో స వినడానికి సిద్ధంగా ఉండండి.

పిలుపుల్లో ఒక చిక్కుంది. టీచర్‌ను ఇంటిపేరు ముందు పెట్టి "లావ్‌షర్" అనాలి, అది మన మాస్టారు, మేడమ్ లాంటిది. కొట్టు యజమానిని "లావ్‌పాన్". కూరలమ్మే ఆవిణ్ణి పాఠ్యపుస్తకం "ఆయీ", అంటే పిన్నిగారూ, అనమంటుంది. నలభై ఏళ్లావిణ్ణి అలా పిలిచి చూడండి, మొహం మాడ్చుకుంటుంది. "చియెచియె", అక్కా, అంటే ఒక మిరపకాయ ఎక్కువే వేస్తుంది. మన రైతుబజార్లో ఆంటీ అని పిలిచి తిట్లు తిన్నవాళ్లకు ఈ పాఠం అక్కర్లేదు. ముసలివాళ్లు ఎదురైతే తైవానీలో "చ్యా పా బ్వె?" అంటారు. భోంచేశావా అని. జవాబుగా మెనూ చెప్పక్కర్లేదు, మనలాగే అది పలకరింపు.

అన్నంలో చాప్‌స్టిక్స్, అంటే తినే పుల్లలు, నిలువుగా గుచ్చకండి, అది చనిపోయినవాళ్లకు పెట్టే తీరు. ఏదిచ్చినా, తీసుకున్నా రెండు చేతులతో. నాలుగు అంకె చావు అనే మాటలా వినిపిస్తుంది కాబట్టి కొన్ని ఆస్పత్రుల లిఫ్టుల్లో నాలుగో అంతస్తు ఉండదు.

చాంద్రమానంలో ఏడో నెల మామూలుగా ఆగస్టు ప్రాంతంలో వస్తుంది. ఆ నెలంతా పితృలోకం తలుపులు తెరుచుకుంటాయని నమ్మకం. కొట్ల ముందు బల్లలు వేసి పళ్లు, బిస్కెట్లు, పానీయాలు పెట్టి కాగితపు డబ్బు కాలుస్తారు. మన మహాలయ పక్షం గుర్తొస్తుంది, కాకపోతే ఇక్కడ దిక్కులేని ఆత్మలకు కూడా భోజనం పెడతారు. ఆ బల్లల మీదివి ముట్టుకోకండి, రాత్రి ఈల వేయకండి. 1738లో కట్టిన లుంగ్‌షాన్ గుడికి ఆ నెలలో వెళ్లండి, వెళ్లి ఒక మూల కూర్చోండి. అర్ధచంద్రాకారపు రెండు కొయ్య ముక్కలు నేల మీద వేసి దేవుణ్ణి ప్రశ్న అడుగుతుంటారు. ఎలా వేయాలో పక్కనున్న పెద్దావిణ్ణి అడగండి. నాకు అత్యంత ఓపిగ్గా చైనీస్ నేర్పింది అలాంటి ఒకావిడే. ఏ ఊరని అడిగితే "లోంగ్ షూ ఫూసా నడిచిన ఊళ్ల వైపు" అన్నాను. నాగార్జున బోధిసత్వుడు! చేతులు జోడించింది. చివరి వారాంతం ఖాళీ ఉంటే సన్ మూన్ సరస్సుకు వెళ్లండి, అక్కడి గుడిలో హ్యూయెన్ త్సాంగ్ ధాతువు, అంటే అస్థి అవశేషం, ఉంది.

ఈ నెలల్లోనే తుపానులు. గాలి ఉధృతిని బట్టి మరుసటి రోజు బడులు, ఆఫీసులకు సెలవని నగర ప్రభుత్వాలు ముందు రాత్రే ప్రకటిస్తాయి. కొట్లో నూడుల్స్ ప్యాకెట్లు ఖాళీ అయ్యేలోపు కొనుక్కోండి. కొండలు, సముద్రం వైపు వెళ్లొద్దు.

తిరిగొచ్చాక

రెండు నెలల్లో వచ్చింది రెండు నెలల్లోనే పోతుంది. బయల్దేరే ముందే మూడు పనులు చేయండి. హాజరు, మార్కుల పత్రాలు అసలువి తీసుకోండి, తర్వాత మెయిల్స్ పెట్టి తెప్పించుకోవడం పెద్ద తలనొప్పి. పాత నోట్‌బుక్కులు పారేయకండి, చీరలకు చోటు తగ్గినా సరే. టాక్‌ఫుల్ అనే తైవాన్ భాషా పరీక్ష ఉంది, మొదటి మెట్టు రాయగలననిపిస్తే ఆరు నెలల్లో రాసేయండి. చైనా వైపు వెళ్లే ఆలోచన ఉంటే చైనా వాళ్ల భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కే.

మార్పిడి స్నేహితుడితో వారానికి ఒక ఫోన్ కాల్ మాట తీసుకుని రండి. తైపే మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. మన ఆదివారం రాత్రి ఏడింటికి వాళ్లకు తొమ్మిదిన్నర. మొదటి అరగంట వాళ్ల భాషలో, అలారం మోగాక ఇంగ్లీష్‌లో. మా వాడు ఈమధ్య రెండో అరగంటలో ఇంగ్లీష్ వద్దు, తెలుగు చెప్పమంటున్నాడు. 'ఫ' బాగానే పలుకుతున్నాడు, 'ళ' దగ్గర ఆగిపోయాడు.